చూపుతో కంప్యూటర్ నడపడం: ఐ ట్రాకర్ దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

చూపు ఎటుందో పట్టే ఐ ట్రాకర్లలో, మానిటర్ కింది అంచుకు అతికించే ఇన్‌ఫ్రారెడ్ బార్‌ను చాలాకాలంగా రెండు పనులకు వాడుతున్నాను. ఒకటి, చేతులు కదపలేని వాళ్ల చేత కంప్యూటర్ వాడించడం. రెండోది, తెలుగు వెబ్ పేజీల్లో పాఠకుల చూపు ఎక్కడ ఆగుతోందో పరీక్షించడం. వెబ్‌క్యామ్ పద్ధతినీ, కళ్లజోడులా పెట్టుకునే రకాన్నీ కూడా వాడి పోల్చాను. తీర్పు ముందే చెబుతాను. మనిషి ఎక్కడ చూస్తున్నాడో చెప్పడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కానీ ‘ఇది నొక్కు’ అనే ఆజ్ఞ కూడా కన్నే ఇవ్వాలంటే మనిషి త్వరగా అలిసిపోతాడు. వేలో, కాలో, చెంపో, ఏ ఒక్క కండరం ఇంకా మాట వింటున్నా నొక్కే పని దానికే అప్పగించాలి.

బార్ చేసే పని సూటిగానే ఉంటుంది. అందులోని ఎల్ఈడీలు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ముఖం మీదికి పంపుతాయి. ఆ వెలుగు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద చిన్న మెరుపు చుక్కగా ప్రతిఫలిస్తుంది. కెమెరా ఆ మెరుపునూ కనుపాప మధ్యబిందువునూ పట్టుకుని, రెండింటి మధ్య ఎడాన్ని బట్టి చూపు దిశను లెక్కిస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కంటిగుడ్డు ఆకారం చూపే దిశా, మనం నిజంగా చూసే దిశా ఒకటి కావు. వాటి మధ్య సుమారు 5 డిగ్రీల తేడా ఉంటుంది, అది మనిషి మనిషికీ మారుతుంది. క్యాలిబ్రేషన్, అంటే తెర మీద చుక్కలు చూపించి ట్రాకర్‌ను ఆ మనిషి కంటికి సరిచేసుకోవడం, అవసరం అందుకే. ఒకరి క్యాలిబ్రేషన్‌తో ఇంకొకరు కూర్చుంటే తెర మీది చూపు గుర్తు ఎప్పుడూ పక్కకే పడుతుంది.

పెట్టె మీద రాసే ‘0.5 నుంచి 1 డిగ్రీ’ అనే ఖచ్చితత్వాన్ని సెంటీమీటర్లలోకి మార్చుకుంటే గాని అసలు సంగతి తెలియదు. 60 సెం.మీ. దూరంలో ఒక డిగ్రీ అంటే తెర మీద ఒక సెంటీమీటరు పైచిలుకు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద అది దాదాపు 38 పిక్సెళ్లు. విండో మూసే ఇంటూ గుర్తు ఎత్తు చూస్తే 30 పిక్సెళ్ల చిల్లర. అంటే మామూలు విండోస్ తెరను ఉన్నది ఉన్నట్టుగా చూపుతో నడపాలనుకోవడం అత్యాశ. తెర మీది అక్షరాలనూ బటన్లనూ పెద్దవి చేసే డిస్‌ప్లే స్కేలింగ్‌ను 150 శాతానికి పెంచాలి. బటన్లు కనీసం రెండున్నర సెంటీమీటర్ల చదరంగా ఉండాలి. ముఖ్యమైనవాటిని తెర మూలల్లో పెట్టకూడదు, ఎందుకంటే లెక్క ఎక్కువగా తప్పేది అంచుల్లోనే, అందులోనూ పై మూలల్లో.

అమర్చడంలో తీసుకునే శ్రద్ధ మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. కంటికీ తెరకూ దూరం 55–65 సెం.మీ. మధ్య ఉంచండి. కళ్ల వరుస బార్‌కు సమాంతరంగా ఉండాలి. మంచం మీద తల ఒక పక్కకు వాలిపోయి ఉన్నవాళ్లకు తలను సరిచేయడానికి తంటాలు పడొద్దు, తెరనే అదే కోణానికి తిప్పండి. ఇందుకు కీళ్లున్న గట్టి స్టాండ్ కావాలి. బల్ల మీద లాప్‌టాప్ పెట్టి దిండ్లతో సర్దితే గంటలోపే జారి, క్యాలిబ్రేషన్ చెడిపోతుంది. రెప్పలు వాలిపోతున్నవాళ్లకు తెరను కాస్త ఎత్తులో పెడితే పైకి చూసేటప్పుడు రెప్ప లేచి కనుపాప బయటపడుతుంది.

క్యాలిబ్రేషన్‌కు 5 చుక్కలు చాలు. పరిశోధన పనికైతే 9 పెట్టండి. చుక్కలు ఏ రంగు నేపథ్యం మీద వస్తున్నాయో చూసుకోవాలి. తెల్లటి తెర మీద క్యాలిబ్రేట్ చేసి, ఆ తర్వాత డార్క్ మోడ్‌లో పనిచేస్తే కనుపాప పెద్దదవుతుంది. పెద్దదయ్యేటప్పుడు దాని మధ్యబిందువు కొద్దిగా జరుగుతుంది, ఆ జరుగుడంతా లెక్కలో తప్పుగా చేరుతుంది. ఏ థీమ్‌లో పనిచేస్తారో అదే థీమ్‌లో క్యాలిబ్రేట్ చేయాలి. అయిపోగానే నాలుగు మూలలూ మధ్యా చూడమని చెప్పి, గుర్తు ఎక్కడ పడుతోందో గమనించాలి. ఏ మూలలోనైనా రెండు సెంటీమీటర్లకు మించి తప్పితే మళ్లీ చేయాల్సిందే.

ఇక చెడగొట్టేవి. అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, కిటికీ లోంచి ముఖం మీద పడితే ఎల్ఈడీల మెరుపు అందులో కలిసిపోతుంది. పాత ఫిలమెంట్ బల్బులు, హాలోజన్ దీపాలు కూడా అంతే. ఎల్ఈడీ ట్యూబ్‌లైట్‌తో పేచీ లేదు. కళ్లజోడు ఉంటే అద్దం మీది ప్రతిఫలనాన్ని కెమెరా కార్నియా మెరుపుగా పొరబడుతుంది. ఫ్రేమును ముక్కు మీద కాస్త పైకో కిందికో జరిపినా, తెరను కొద్దిగా వంచినా చాలాసార్లు సరిపోతుంది. ప్రోగ్రెసివ్ లెన్సులు వేరే బాధ. తెర కింది భాగం అద్దంలోని ఒక పవర్ గుండా, పై భాగం ఇంకో పవర్ గుండా చూస్తారు కాబట్టి కింద సరిగ్గా పడే గుర్తు పైన తప్పుతుంది. ఒకే పవర్ ఉన్న కంప్యూటర్ అద్దాలు విడిగా చేయించుకోవడమే దీనికి మందు.

కాటుక గురించి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. కాటుకలో ఉండేది మసి, అంటే కార్బన్. అది ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటుంది, కెమెరాకు కనుపాపలాగే నల్లగా కనిపిస్తుంది. రెప్ప అంచున దట్టంగా పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ నలుపును కూడా కనుపాపలో కలిపేస్తుంది. పరీక్షకు వచ్చేవాళ్లకు ముందురోజే ఈ మాట చెప్పడం మంచిది. కన్ను పొడిబారినా ఇదే గతి. తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గితే కన్నీటి పొర చిట్లి, మెరుపు చుక్క ముక్కలవుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూడండి. ఊపిరికి సాయంగా గాలిని ఒత్తిడితో పంపే బైపాప్ మాస్కు వాడేవాళ్లకు అంచుల్లోంచి గాలి కంట్లోకి తన్నుతుంటుంది, ట్రాకర్ బాగాలేదనుకునే ముందు మాస్కు బిగింపు చూడాలి. మెల్లకన్ను ఉంటే రెండు కళ్ల సగటు తీసుకోనివ్వకుండా సెట్టింగుల్లో ఒక కంటినే ఎంచుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు, క్లిక్. చూసినదల్లా నొక్కుకుపోతుంటే చూపు భస్మాసుర హస్తమే అవుతుంది. తాకినదల్లా బంగారమైపోయే గ్రీకు కథలోని రాజు పేరుతో పరిశోధకులు దీన్ని మైడాస్ టచ్ అంటారు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేసిన రాబర్ట్ జేకబ్ 1990లోనే దీని గురించి రాశారు. ఎక్కువమంది వాడే పరిష్కారం డ్వెల్, అంటే ఒక బటన్ మీద చూపును కాసేపు నిలిపితే అది నొక్కినట్టు. మామూలుగా చదివేటప్పుడే చూపు ఒక్కోచోట 200–300 మిల్లీసెకన్లు ఆగుతుంది కనుక డ్వెల్ అంతకంటే బాగా ఎక్కువ ఉండాలి. కొత్తవాళ్లకు 1000 దగ్గర మొదలుపెట్టి, తప్పులు తగ్గుతున్నకొద్దీ 100 చొప్పున దించుతాను. ఫిన్లాండ్‌లోని టాంపెరె విశ్వవిద్యాలయంలో పైవి మాయరంత బృందం 2009లో డ్వెల్‌ను వాడేవాళ్లే మార్చుకోనిచ్చింది. పది విడతల అభ్యాసంలో సగటు డ్వెల్ 876 నుంచి 282 మిల్లీసెకన్లకు దిగింది, వేగం నిమిషానికి 6.9 నుంచి 19.9 పదాలకు పెరిగింది. డ్వెల్‌ను గట్టిగా కట్టేసిన సాఫ్ట్‌వేర్‌ను నేను సిఫార్సు చేయకపోవడానికి కారణం ఇదే. జబ్బు మనిషికి పొద్దున ఉన్న ఓపిక సాయంత్రం ఉండదు, అందుకే డ్వెల్‌ను మార్చే మీట ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దానితోపాటు తెర మీద ఏదీ నొక్కుకోని ఖాళీ జాగా ఒకటి, ‘విరామం’ బటన్ ఒకటి తప్పనిసరి.

అయినా స్విచ్‌తో కలిపిన చూపు ముందు డ్వెల్ తేలిపోతుంది. చూపుతో బటన్‌ను ఎంచుకుని, వేలి కింది స్విచ్‌తో ఖాయం చేస్తే తప్పులూ తగ్గుతాయి, తీరిగ్గా చూసే స్వేచ్ఛా మిగులుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం అల్మడెన్ కేంద్రంలో షుమిన్ జాయ్ బృందం 1999లోనే చూపుతో కర్సర్‌ను దగ్గరికి చేర్చి, మిగతాది మౌస్‌కు వదిలేసే పద్ధతిని చూపించింది. 2024లో వచ్చిన, తలకు పెట్టుకునే ఆపిల్ విజన్ ప్రోలో కూడా చూపుతో ఎంచుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపితే నొక్కినట్టు. ఏఎల్ఎస్ (కండరాలను క్రమంగా చచ్చుబరిచే నరాల జబ్బు) ఉన్న శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్లలో చెంప కదలికను పట్టే సెన్సార్‌తోనే రాసేవారు. ఆయన కోసం ఇంటెల్ చేసిన సాఫ్ట్‌వేర్ 2015లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. ఏఎల్ఎస్‌లో కంటి కండరాలు మిగతావాటికంటే చాలాకాలం నిలబడతాయి కాబట్టి చివరికి కన్నే దిక్కు కావచ్చు. కానీ మొదటి రోజు నుంచే అన్నిటినీ దాని నెత్తిన పెట్టనక్కర్లేదు.

కర్సర్ గుర్తు తెర మీద కనిపించకూడదు. లెక్కలో అర సెంటీమీటరు తేడా ఉందనుకోండి, గుర్తు చూపుకు పక్కన పడుతుంది. కన్ను అప్రయత్నంగా దాన్ని చూస్తుంది, గుర్తు ఇంకాస్త జరుగుతుంది, కన్ను మళ్లీ వెంటపడుతుంది. కొత్తవాళ్లు ‘నా వల్ల కాదు’ అని వదిలేయడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కర్సర్‌ను దాచేసి, చూస్తున్న బటన్ రంగు మారేట్టు పెట్టండి. డ్వెల్ గడుస్తోందని తెలియడానికి బటన్ మధ్యలో చిన్నదవుతూ పోయే వలయం ఉంటే చూపు కూడా నడిమధ్యకు చేరుతుంది.

తెలుగు టైపింగ్‌కు వచ్చేసరికి ఇంగ్లిష్ కోసం చేసిన ఏర్పాటు చాలదు. ‘రాష్ట్రం’ కంటికి రెండక్షరాలే, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక)లో మాత్రం ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా, మొత్తం ఎనిమిది కీలు. 700 మిల్లీసెకన్ల డ్వెల్, కీ వెతకడానికి ఇంకో 400 వేసుకుంటే ఒక్క మాటకు తొమ్మిది సెకన్లు పడుతుంది. పైగా షిఫ్ట్ పొర ఉంటే ప్రతిసారీ ఇంకో చూపు. బాగా పనిచేసిన అమరిక ఇది: హల్లును చూడగానే అది రాతలో పడిపోవాలి, వెంటనే దాని గుణింతం, పొల్లుతో సహా, ఎప్పుడూ ఒకే వరుసలో కనిపించాలి. కీల లెక్క పెద్దగా తగ్గదు, వెతుకులాట మాత్రం బాగా తగ్గుతుంది, షిఫ్ట్ అవసరమే పోతుంది. పదాల సూచనలు కీబోర్డు పైన కాకుండా చూపు ఎలాగూ వెళ్లే గుణింతం వరుస పక్కనే ఉండాలి. చెరిపే కీలు రెండు కావాలి: అక్షరం మొత్తం చెరిపేది, పదం మొత్తం చెరిపేది. బ్యాక్‌స్పేస్ ఒక్కటే ఉంటే ‘ష్ట్ర’ను చెరపడానికి ఐదుసార్లు చూడాలి. వీటికంటే ముందు మొదటి తెర మీద సిద్ధమైన మాటలు పెట్టండి: ‘పక్కకు తిప్పండి’, ‘కఫం తీయండి’, ‘దోమ కుడుతోంది’, ‘ఫ్యాన్ తగ్గించండి’. రోజులో ఎక్కువగా కావలసినవి ఇవే.

చదువరుల పరీక్షలకు ఈ బార్ ఎంత పనికొస్తుంది? పేజీలో ఏ భాగం చూశారో నమ్మకంగా చెబుతుంది. ఏ వరుస చదివారో చెప్పాలంటే వరుసల మధ్య దూరం కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, మామూలు వార్తల సైట్‌లో అందులో సగం కూడా ఉండదు. పైవరుస వత్తులు, కిందివరుస గుడులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి తెలుగులో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. బార్ వేగం 60 హెర్ట్జ్ అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒక నమూనా. చూపు ఆగిన చోట్లను కొలవడానికి అది చాలు, చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే గెంతుల వేగం కొలవడానికి చాలదు. ఆగిన చోట్లనూ గెంతులనూ విడదీసే ఫిల్టర్‌లో సెకనుకు 30 డిగ్రీల వేగం హద్దు, 60 మిల్లీసెకన్ల కనీస నిలకడ పెట్టుకుని, ఆ అంకెలను నివేదికలో రాయండి. ఎక్కువగా చూసిన చోటును ఎర్రగా చూపే రంగుల హీట్‌మ్యాప్ ఒక్కటే చూపించి నిర్ణయాలు తీసుకోవద్దు. ఒకచోట ఎర్రగా ఉందంటే నచ్చి చూశారో, అర్థంకాక చూశారో అది చెప్పదు. ఇంకో జాగ్రత్త: చౌకగా దొరికే గేమింగ్ బార్‌లలో కొన్నిటి లైసెన్సు చూపు డేటాను దాచి విశ్లేషించడానికి ఒప్పుకోదు. కొనే ముందే చదవండి.

వెబ్‌క్యామ్ పద్ధతిలో తప్పు నాలుగు డిగ్రీల దాకా ఉంటుంది, అంటే తెర మీద నాలుగు సెంటీమీటర్లు. బ్రౌన్ విశ్వవిద్యాలయం 2016లో ఇచ్చిన వెబ్‌గేజర్ సాఫ్ట్‌వేర్ లాంటివి తెరను ఆరు, తొమ్మిది గళ్లుగా విడదీసి చూడటానికి పనికొస్తాయి. 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్‌లో, ఐప్యాడ్‌ఓఎస్ 18తో ఐప్యాడ్‌లో ముందు కెమెరాతోనే చూపు నియంత్రణ వచ్చింది. బార్ కొనే ముందు ఈ తరహా వాడకం పడుతుందో లేదో తెలుసుకోవడానికి అది మంచి దారి. కళ్లజోడు రకం దుకాణంలో, బండి నడిపేటప్పుడు చూపు తెలుసుకోవడానికే తీసుకోండి. అది ముక్కు మీద రెండు మిల్లీమీటర్లు జారినా ఫలితం మారిపోవచ్చు, వీడియోను విశ్లేషించడానికి రికార్డు చేసిన సమయానికి ఎన్నో రెట్లు పడుతుంది.

రోగి ఇంట్లో పెట్టేవాళ్లు ఇంకొకటి దగ్గర ఉంచుకోవాలి. కరెంటు పోయినా, అప్‌డేట్ తర్వాత డ్రైవర్ మొరాయించినా మాట ఆగకూడదు. ఏ4 కంటే కాస్త పెద్ద పారదర్శక అక్రిలిక్ పలక తీసుకుని మధ్యలో కిటికీలా కోయించండి. అచ్చులు ఒక గుంపు, క–చ వర్గాలు ఒకటి, ట–త వర్గాలు ఒకటి, ప వర్గం ఒకటి, య నుంచి ఱ దాకా ఒకటి, గుణింతం గుర్తులు ఒకటి, ఇలా ఆరు గుంపులు చుట్టూ రాయండి. ఎదురుగా పలక పట్టుకున్నవాళ్లు కిటికీలోంచి రోగి కళ్లు చూస్తారు. మొదటి చూపు గుంపును చెబుతుంది, రెండోది ఆ గుంపులో అక్షరం ఉన్న స్థానాన్ని. పలకను రోగి ముఖానికి 40–50 సెం.మీ. దూరంలో పట్టుకోవాలి. ట్రాకర్ వచ్చాక దాన్ని అటక మీద పెట్టేయకుండా వారానికోసారైనా సాధన చేయించాలి.