ఎండలో ఐరన్‌మ్యాన్ ప్రాక్టీసు: చాలా వేసవులు చేశాక నా సమీక్ష

ఎండకు ఒంటిని అలవాటు చేసే ప్రాక్టీసు పనిచేస్తుంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ దాని కోసమని కొన్నవాటిలో నిజంగా అక్కరకొచ్చింది బరువు చూసే మామూలు మిషన్ ఒక్కటే. మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

ఇది ఎవరికి అవసరమో ముందు చెప్తాను. పూర్తి దూరం ఐరన్‌మ్యాన్ రేసు అంటే ఒకే రోజున 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ వెంటనే 42.2 కిలోమీటర్ల పరుగు. నాలాంటి వాళ్లకు రోజంతా పట్టే పని. ఈత చల్లటి పూట అయిపోతుంది. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి మనం సైకిల్ చివర్లోనో, పరుగు మొదట్లోనో ఉంటాం. తెల్లవారుజామునే ప్రాక్టీసు ముగించుకుని నీడకు చేరేవాళ్ల ఒంటికి రేసులో అన్నిటికన్నా కష్టమైన గంటలు పూర్తిగా కొత్త. ఇది నాలాంటి మామూలు వాళ్ల కష్టమే అనుకోనక్కర్లేదు. 2025 అక్టోబరులో హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పేరున్న ప్రొఫెషనల్ క్రీడాకారిణులు లూసీ చార్ల్స్-బార్క్లే, టేలర్ నిబ్ ఇద్దరూ ముందువరసలో ఉండి కూడా పరుగు పూర్తిచేయలేకపోయారు.

పెడల్ మీద 200 వాట్లు పడుతున్నాయంటే ఒంట్లో దానికి మూడు, నాలుగు రెట్లు వేడి పుడుతోందని అర్థం. ఆ వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లాలి. అదే రక్తం కండరాలకూ కావాలి, పొట్టకూ కావాలి. అందుకే అదే స్పీడులో వెళ్తున్నా గుండె వేగం పెరుగుతూ పోతుంది, శక్తి కోసం తాగిన జెల్ కడుపులోనే తిష్ట వేస్తుంది.

నేను పాటించే పద్ధతి పెద్ద విశేషమేమీ కాదు. రెండు వారాల పాటు దాదాపు రోజూ గంట నుంచి గంటన్నర వేడిలో తేలికపాటి ప్రాక్టీసు. పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) చూడను, వాట్స్ కూడా చూడను, గుండె వేగం ఒక్కటే చూస్తాను. చల్లటి రోజున తేలిగ్గా వెళ్లేటప్పుడు ఎంత ఉంటుందో, ఎండలోనూ అంతకు మించనివ్వను. దాంతో మొదట్లో పరుగు దాదాపు నడక అవుతుంది. వాచీలో ఆ పేస్ చూసి మొహం మాడ్చుకునే వాళ్లు ఆ స్క్రీన్ దాచేసుకోవడం మేలు. మొదటి మూడు నాలుగు రోజులు నరకమే. ఆ తర్వాత, అంటే రక్తంలోని ప్లాస్మా (ద్రవభాగం) పెరిగే దశలో, అదే స్పీడుకి గుండె వేగం దిగడం మొదలవుతుంది. చెమట ముందుకన్నా తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చాలామందికి పది నుంచి పద్నాలుగు రోజుల్లో మార్పు దాదాపుగా పూర్తవుతుంది.

ఇక బరువు మిషన్. ప్రాక్టీసుకు ముందు బట్టల్లేకుండా బరువు చూసుకోవాలి. వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడాలి. తగ్గిన బరువుకు మధ్యలో తాగింది కలిపితే ఎంత చెమట పోయిందో తేలుతుంది. ఉదాహరణకు 70 కిలోల మనిషి రెండు గంటలు సైకిల్ తొక్కి, లీటరు నీళ్లు తాగి, 68.6 తూగితే పోయిన చెమట 2.4 లీటర్లు. అంటే గంటకు 1.2 లీటర్లు. మధ్యలో మూత్రానికి వెళ్తే లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, ఫరవాలేదు. గంటకు అర లీటరే చెమట పట్టేవాళ్లుంటారు, రెండు లీటర్లు దాటేవాళ్లూ ఉంటారు. కాబట్టి పక్కవాడు ఎన్ని బాటిళ్లు తాగుతున్నాడో చూసి మనం తాగితే కుదరదు.

ఈ లెక్క వల్లే నాకు ఇంకో సంగతి తెలిసింది. ఎండకు అలవాటు పడితే నీళ్లు తక్కువ తాగినా చాలని చాలామంది నమ్ముతారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అలవాటు పడిన ఒళ్లు ఎక్కువ చెమట పట్టిస్తుంది, చల్లబడేదే అలా. రెండు వారాల తర్వాత నా చెమట లెక్క ప్రతి వేసవిలోనూ పెరిగింది. మొదటి రోజు అంకె పట్టుకుని రేసుకు నీళ్లు ప్లాన్ చేసుకుంటే చివరి పది కిలోమీటర్లలో తెలిసొస్తుంది.

అలాగని పోయినదంతా తాగి తీరాలని కాదు. కాస్త బరువు తగ్గి రావడమే మామూలు. భయపడాల్సింది బరువు పెరిగినప్పుడు. చెమట కన్నా ఎక్కువ తాగేస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కన్నా దిగితే దాన్ని హైపోనెట్రీమియా అంటారు. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం... చూసేవాళ్లకు వడదెబ్బలాగే కనిపిస్తుంది, ఇంకా నీళ్లు తాగించేస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. నిదానంగా వెళ్తూ దారిలో నీళ్లిచ్చే ప్రతి టేబుల్ దగ్గరా కప్పు మీద కప్పు తాగేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ.

ఉప్పు మాత్రలు నేను చాలాకాలం వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను, కానీ వాటి మీద పెద్ద మోజు లేదు. చెమటలో ఉప్పు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఆరిన టోపీ మీద తెల్లటి చారలు దట్టంగా కనిపిస్తే మనది ఉప్పు చెమట అనుకోవచ్చు. పిక్కలు పట్టేయడం మాత్రం మాత్రల వల్ల ఆగలేదు. ఒంటికి అలవాటు లేని స్పీడులో వెళ్లిన రోజే నాకు పిక్కలు పట్టేశాయి, ఉప్పు తీసుకున్నా అంతే.

ఫ్యాన్ ఆపేసి గదిలో ట్రైనర్ (సైకిల్‌ను ఉన్నచోటే తొక్కేందుకు బిగించే స్టాండు) మీద తొక్కడం అన్నిటికన్నా అదుపులో ఉండే పద్ధతి. ట్రాఫిక్ లేదు, కళ్లు తిరిగినట్టు అనిపిస్తే దిగి పక్కగదిలోకి వెళ్లిపోవచ్చు. గాలి ఆడదు కాబట్టి చెమట ఆవిరి కాకుండా కింద మడుగు కడుతుంది. ఆవిరయ్యే చెమటే ఒంటిని చల్లబరుస్తుంది, లీటరుకు దాదాపు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. కారిపోయింది దండగే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని చేయొద్దు.

వేడినీళ్ల టబ్బు కూడా ప్రయత్నించాను. 2016లో బ్రిటన్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన వచ్చింది: చల్లటి వాతావరణంలో పరిగెత్తిన వెంటనే 40 డిగ్రీల నీళ్లలో మెడదాకా, నలభై నిమిషాల వరకు, వరసగా ఆరు రోజులు. ఒళ్లు అలవాటు పడింది. కాళ్ల మీద భారం పడదు కాబట్టి అలసిపోయిన వారాల్లో నాకిది బాగా నచ్చింది. కాకపోతే మహా బోరు. గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి, గోడ పట్టుకుని మెల్లగా లేవాలి.

ఒంటి లోపలి ఉష్ణోగ్రతను అంచనా వేసే సెన్సార్ కొంతకాలం పెట్టుకున్నాను. అంకెలు చూడటానికి సరదాగా ఉంటాయి, కానీ గుండె వేగం చెప్పని కబురు అది నాకు చెప్పింది తక్కువ. గుండె వేగానికి మాత్రం ఛాతీ బెల్టే వాడండి. చెమటకు జారిన వాచీ ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె వేగంగా చూపిస్తుంది.

ఈత గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీళ్ల ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలు దాటితే ఐరన్‌మ్యాన్ రేసుల్లో వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు ఈత సూటు) వేసుకున్న ఏజ్‌గ్రూప్ వాళ్లకు, అంటే వయసు వర్గాల్లో పోటీపడే మామూలు వాళ్లకు, బహుమతులుండవు, 28.8 దాటితే వేసుకోనివ్వరు. అందుకని వేసవి రేసుకు వెట్‌సూట్ లేకుండానే ఈత ప్రాక్టీసు చేస్తాను.

రేసు రోజున ఐస్ టోపీలో, బట్టల్లో వేసుకోవడం తప్పకుండా పనికొస్తుంది, ముఖ్యంగా ఉక్కపోతలో. అప్పుడు నెత్తిన పోసుకున్న నీళ్లు సరిగా ఆవిరి కావు. డబ్ల్యూబీజీటీ అనే ఉష్ణ సూచికలో, గాలిలోని తేమను పట్టిచ్చే తడి థర్మామీటర్ కొలతకు 70 శాతం వాటా ఇచ్చింది ఊరికే కాదు. వాతావరణం యాప్‌లో డిగ్రీలు మాత్రమే చూసుకుని బయల్దేరితే టెన్షన్ తప్పదు.

ఈ ప్రాక్టీసులో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఆ రెండు వారాలు స్పీడ్ వర్కౌట్లు పాడవుతాయి. వాటిని చల్లటి పూటకి మార్చుకోకపోతే ఎందుకూ పనికిరావు. నిద్ర చెడుతుంది, ఇంట్లోవాళ్ల మీద విసుగు పెరుగుతుంది. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, రోజూ మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. వేడిలో నొప్పులకు ఐబుప్రొఫెన్ మింగి పరిగెత్తడం కిడ్నీలకు మంచిది కాదు. తోటివాళ్లు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే, అంబులెన్స్‌కు ఫోన్ చేసి అది వచ్చేలోపే చల్లటి నీళ్లలో ముంచడం మొదలుపెట్టాలి. అక్కడ నిమిషాలే లెక్క.

కష్టపడి తెచ్చుకున్న ఈ అలవాటు ఆపేస్తే రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. అందుకని రేసుకు నెల ముందు మొదలుపెట్టి, రెండు వారాలు రోజూ చేసి, ఆ తర్వాత నాలుగైదు రోజులకొకసారి టబ్బులోనో ట్రైనర్ మీదో గుర్తుచేస్తుంటాను. చివరిది రేసుకు మూడు నాలుగు రోజుల ముందు, అదీ చిన్నగా.