అన్‌ఇన్‌స్టాలా, ఆర్కైవా, డిసేబులా? ట్యాబ్‌లో చోటు కావాలంటే ఏది మేలు?

ట్యాబ్ నిండిపోయింది, వాడని యాప్స్ తీసేద్దామనుకుంటున్నాను, అన్‌ఇన్‌స్టాల్ చేయాలా, ఆర్కైవ్ (డేటా ఉంచి యాప్‌ని మాత్రం తీయడం) చేస్తే చాలా అని ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. ఐప్యాడ్ ఉన్నవాళ్లు ఇదే ప్రశ్నను ఆఫ్‌లోడ్ పేరుతో అడుగుతారు. డిసేబుల్ చేసి, అంటే తీసేయకుండా పనిచేయనివ్వకుండా ఆపేసి, ఊరుకుంటే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడే తేల్చేద్దాం.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. నిజంగా వాడని యాప్ అయితే పూర్తిగా తీసేయడమే మేలు. ఆర్కైవ్, ఆఫ్‌లోడ్ పనికిరానివని కాదు, అవి అక్కరకొచ్చే యాప్స్ తక్కువ. ఏ యాప్‌కి ఏది సరిపోతుందో తెలియాలంటే ముందు చూడాల్సింది ఆ యాప్ బరువు ఎందులో ఉందన్నది. చాలామంది మొత్తం సైజు చూసి ఆగిపోతారు. చిక్కంతా అక్కడే.

ఆండ్రాయిడ్‌లో యాప్ ఐకాన్ మీద కాసేపు వేలు నొక్కి పట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి స్టోరేజ్ తెరవండి. యాప్ సైజు, యూజర్ డేటా, క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) అని మూడు అంకెలు వేర్వేరుగా కనిపిస్తాయి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, ఐప్యాడ్ స్టోరేజ్ వరుసలో వెళ్లి యాప్ పేరు నొక్కితే యాప్ సైజు, డాక్యుమెంట్స్ అండ్ డేటా అని రెండే ఉంటాయి. యాప్ సైజు అంటే స్టోర్ నుంచి దిగిన సరుకు, ఎప్పుడు కావాలన్నా మళ్లీ దొరుకుతుంది. డేటా అంటే మీరు వాడుతుండగా పోగైనది. డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోలు, గేమ్‌లో దాటిన లెవల్స్, గీసిన బొమ్మలు, లాగిన్ వివరాలు అన్నీ అందులోనే.

ఆర్కైవ్ చేసినా, ఆఫ్‌లోడ్ చేసినా పోయేది యాప్ సైజు మాత్రమే. ఆండ్రాయిడ్‌లో దానితోపాటు క్యాష్ కూడా పోతుంది. డేటాను రెండూ ముట్టుకోవు. ఐకాన్ కూడా ఉన్నచోటే ఉంటుంది, మబ్బు గుర్తు ఒకటి వచ్చి చేరుతుంది. నొక్కితే యాప్ మళ్లీ దిగుతుంది, వదిలిన చోటి నుంచి వాడుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఇది 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో మొదట ప్లే స్టోర్ ద్వారా వచ్చింది, 2024లో ఆండ్రాయిడ్ 15 నుంచి యాప్ ఇన్ఫోలోనే ఆర్కైవ్ బటన్ ఇచ్చారు.

ఇప్పుడు ఒక వీడియో యాప్ సంగతి చూద్దాం. యాప్ సైజు 150 ఎంబీ, డేటా 9 జీబీ అని ఉందనుకోండి. ఎప్పుడో ప్రయాణంలో చూద్దామని దించుకున్న సీరియల్స్, సినిమాలే ఆ 9 జీబీ. దీన్ని ఆర్కైవ్ చేస్తే మీకు ఖాళీ అయ్యేది 150 ఎంబీ, ఇంకాస్త క్యాష్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. పైగా ఐకాన్ మీద మబ్బు గుర్తు చూసి ఆ యాప్ పీడ వదిలిందనుకుంటాం, 9 జీబీ మాత్రం లోపల అలాగే కూర్చుని ఉంటుంది. ఇలాంటి యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. అప్పుడప్పుడు వాడుతుంటే యాప్ తెరిచి డౌన్‌లోడ్స్ మాత్రం డిలీట్ చేసుకోండి. ఆర్కైవ్‌కి ఇక్కడ పనే లేదు.

పెద్ద గేమ్ అయితే లెక్క తిరగబడుతుంది. యాప్ సైజు రెండున్నర జీబీ, డేటా 30 ఎంబీ ఉంటే ఆర్కైవ్, ఆఫ్‌లోడ్ భేషుగ్గా పనిచేస్తాయి. పరీక్షలయ్యేదాకా పిల్లల గేమ్ పక్కన పెట్టాలన్నా ఇదే పద్ధతి, లెవల్స్ పోయాయని ఏడుపులుండవు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని గేమ్స్ స్టోర్‌లో చిన్నగా కనిపిస్తాయి, మొదటిసారి తెరిచాక అసలు సరుకంతా దించుకుంటాయి. అది చాలాసార్లు డేటా ఖాతాలో పడుతుంది. అలాంటివాటిని ఆర్కైవ్ చేసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 2022లో ఆర్కైవ్ గురించి ప్రకటించినప్పుడు యాప్ తీసుకునే చోటులో దాదాపు 60 శాతం తిరిగొస్తుందని గూగుల్ చెప్పింది. ప్రతి యాప్‌కీ అంత వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

అలాగని కళ్లు మూసుకుని అన్‌ఇన్‌స్టాల్ నొక్కమనడం లేదు. యాప్‌తోపాటు దాని డేటా కూడా పోతుంది కాబట్టి, ఆ డేటా ఇంకెక్కడైనా ఉందా అన్నది చూసుకోవాలి. షాపింగ్, బ్యాంకింగ్, న్యూస్, సోషల్ మీడియా యాప్స్‌కి టెన్షన్ అక్కర్లేదు. మీ వివరాలు వాళ్ల సర్వర్‌లో ఉంటాయి, మళ్లీ లాగిన్ అయితే చాలు. బొమ్మలు గీసే యాప్స్, నోట్స్ యాప్స్, వాయిస్ రికార్డర్లు, నెట్ లేకుండా ఆడే గేమ్స్ అలా కాదు. వీటిలో చాలావాటికి మీ పని ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. లాగిన్‌కి ఓటీపీ కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో మరీ జాగ్రత్త. బ్యాకప్ గానీ, వేరే పరికరంలోకి మార్చుకోవడం గానీ చేయకుండా దాన్ని తీసేస్తే మీ అకౌంట్లలోకి మీరే వెళ్లలేరు.

ఆండ్రాయిడ్ తనంతట తాను బ్యాకప్ చేస్తుంది కదా అంటారేమో. చేస్తుంది, కానీ ఆ ఆటో బ్యాకప్ ఒక్కో యాప్‌కి 25 ఎంబీ వరకే, అదీ యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే. సెట్టింగ్స్‌కి సరిపోతుందేమో గానీ మీ బొమ్మల ఫోల్డర్‌కి ఏ మూలకీ చాలదు. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచుకోండి, ఆ తర్వాత తీసేయండి. దానికి ఓపిక లేనప్పుడు ఆర్కైవ్ చేసి పెట్టుకోవడం నయం.

వాడని యాప్స్‌ని దానంతట అదే ఆఫ్‌లోడ్ లేదా ఆర్కైవ్ చేసే ఆటోమేటిక్ సెట్టింగ్ ఐప్యాడ్, ఆండ్రాయిడ్ రెండింటిలోనూ ఉంది. నేనైతే ఆఫ్‌లోనే పెడతాను. నెట్ లేనిచోట అవసరపడి యాప్ నొక్కితే మబ్బు గుర్తే దిక్కవుతుంది. ఇంకో తంటా కూడా ఉంది. ఆ యాప్‌ని ఈలోగా స్టోర్ నుంచి తీసేస్తే మళ్లీ దిగదు. డేటా ట్యాబ్‌లోనే ఉంటుంది, తెరవడానికి యాప్ ఉండదు. పాత యాప్స్‌కి ఇది అరుదేమీ కాదు. కాబట్టి ఆఫ్‌లోడ్ చేశాం కదా, భద్రంగా ఉంటుందిలే అని ముఖ్యమైనవాటిని ఏళ్ల తరబడి అలా వదిలేయొద్దు.

డిసేబుల్ విషయం క్లుప్తంగా చెప్తాను. అది ఆండ్రాయిడ్ ట్యాబ్‌తోపాటే వచ్చి, అన్‌ఇన్‌స్టాల్ బటన్ లేని యాప్స్ కోసం. అవి సిస్టమ్ భాగంలో ఉంటాయి, డిసేబుల్ చేసినా ఆ చోటు మీకు రాదు. తర్వాత దిగిన అప్‌డేట్స్, పోగైన డేటా వరకు ఖాళీ అవుతాయి. వెనకాల నడవడం ఆగుతుంది కాబట్టి చేస్తే మంచిదే, జీబీలు జీబీలు వస్తాయని మాత్రం అనుకోవద్దు.

క్యాష్ క్లియర్ చేయడం ఆ పూటకి ఉపశమనం, యాప్ వాడుతుంటే మళ్లీ నిండుతుంది. ఎస్‌డీ కార్డులోకి మార్చడం అన్ని ట్యాబ్‌లలో, అన్ని యాప్స్‌కి కుదరదు. కుదిరినా యాప్ నెమ్మదించవచ్చు. ఐప్యాడ్‌లో ‘రిమూవ్ ఫ్రమ్ హోమ్ స్క్రీన్’ నొక్కితే ఐకాన్ కనిపించకుండా పోతుంది, అంతే. యాప్ లైబ్రరీలో యాప్ అలాగే ఉంటుంది, ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. శామ్‌సంగ్ ట్యాబ్‌లలో కనిపించే డీప్ స్లీప్ బ్యాటరీ కోసం, స్టోరేజ్‌కీ దానికీ సంబంధం లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి మేనేజ్ యాప్స్ అండ్ డివైస్‌లోకి వెళ్లండి. అక్కడ మేనేజ్ అనే విభాగంలో యాప్స్‌ని సైజు ప్రకారం గానీ, తక్కువ వాడినవి ముందు వచ్చేలా గానీ పేర్చుకోవచ్చు. ఐప్యాడ్ స్టోరేజ్ పేజీలో ప్రతి యాప్ కింద చివరిసారి ఎప్పుడు వాడారో ఉంటుంది. నేను సైజు ప్రకారమే చూస్తాను. పది ఎంబీల యాప్స్ ఇరవై తీసినా ఒక్క పెద్ద గేమ్‌కి సాటిరావు. పై నాలుగైదింటి లోపలి అంకెలు చూస్తే సగం పని అయిపోయినట్టే.

డబ్బు కట్టి కొన్న యాప్ తీసేస్తే మళ్లీ కొనాలేమో అని కొందరు జంకుతారు. అదే అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, స్టోర్‌లో ఆ యాప్ ఉన్నంతవరకు ఉచితంగానే దిగుతుంది. నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ వేరే సంగతి. యాప్‌ని డిలీట్ చేసినా అది ఆగదు, డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి. ముందు ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్స్ తెరిచి దాన్ని క్యాన్సిల్ చేసి, అప్పుడు యాప్ తీసేయండి.