పెద్దపేగు క్యాన్సర్‌కి గన్నేరు కషాయమా, డిగాక్సిన్ మాత్రా, ఎకోస్ప్రినా: ఏది మేలు?

కర్నూలులో మందుల షాపు నడుపుతున్నా. ఈ మధ్య "అన్నా, గుండె మాత్రతో క్యాన్సర్ గడ్డ కరుగుతుందంట కదా, ఇస్తావా?" అని డిగాక్సిన్ అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఎక్కువగా పెద్దాసుపత్రిలో కీమో నడుస్తున్నవాళ్ల ఇంటివాళ్లే, ఫోన్లో వీడియో పట్టుకుని వస్తారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, మాత్రెందుకు, హైవే డివైడర్ నిండా గన్నేరు చెట్లే కదా, అందులో ఉండేదీ అదే మందంట అంటారు. అందుకే మూడింటినీ పక్కపక్కన పెట్టి రాస్తున్నా.

ముందు గన్నేరు సంగతి తేల్చేద్దాం, దీనికి ఎక్కువసేపు పట్టదు. ఎర్రగన్నేరులో ఒలియాండ్రిన్ ఉంటుంది, పచ్చగన్నేరులో తీవెటిన్, పెరువోసైడ్ లాంటివి ఉంటాయి. ఇవన్నీ డిగాక్సిన్ కుటుంబమే, ఆ మాట నిజం. ల్యాబ్‌లో గాజు గిన్నెలో పెంచిన పేగు క్యాన్సర్ కణాల మీద వేస్తే చస్తాయి, అదీ నిజమే. కానీ మనుషుల్లో ఏమైంది? గన్నేరు సారంతో తయారైన ఆన్విర్‌జెల్ అనే ఇంజెక్షన్‌ని అమెరికాలో 18 మంది క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు, 2006లో ఫలితాలు అచ్చయ్యాయి, ఒక్కరిలో కూడా గడ్డ తగ్గలేదు. తర్వాత గన్నేరు సారంతోనే ఇంకో మందు చేసి క్లోమం క్యాన్సర్ మీద వాడారు, అదీ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పైగా అవి కొలత తెలిసిన మందులు. ఇంట్లో కాచిన కషాయంలో ఎంత విషం దిగిందో కాచినవాళ్లకే తెలియదు, ఆకుకీ ఆకుకీ, చెట్టుకీ చెట్టుకీ తేడా ఉంటుంది. గన్నేరు పప్పు తిని ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంగతి సీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. దీనికి యాంటీబాడీ రకం విరుగుడు ఉంది గానీ మన దగ్గర దొరకడం చాలా కష్టం. కాబట్టి పోటీలోంచి గన్నేరు అవుట్. నల్లమల వైపు నక్కవుల్లిగడ్డ తవ్వి తెచ్చేవాళ్లకీ ఇదే మాట, అందులోనూ ఇదే రకం విషం ఉంటుంది.

ఇప్పుడు డిగాక్సిన్. మన దగ్గర లానాక్సిన్ పేరుతో అందరికీ తెలుసు. దీని మూలం యూరప్‌లో పెరిగే డిజిటాలిస్ మొక్క. ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఆ ఆకు ఎలా పనిచేస్తుందో విలియం వితరింగ్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1785లోనే పుస్తకం రాశాడు, డిగాక్సిన్‌ని విడదీసింది మాత్రం 1930లో. మన కణాల గోడలో ఒక పంపు ఉంటుంది, సోడియంని బయటికి తోసి పొటాషియంని లోపలికి లాగుతుంది. డిగాక్సిన్ ఆ పంపుని పట్టేస్తుంది. దాంతో గుండె కండరంలో క్యాల్షియం పెరిగి గుండె గట్టిగా కొట్టుకుంటుంది. క్యాన్సర్ కణంలో అదే పంపు ఆగితే ప్రోటీన్ల తయారీ దెబ్బతిని కణం చస్తుంది.

ఆశ పుట్టించిన పరిశోధనలు ఉన్నాయి, లేవనను. 2009లో స్వీడన్‌వాళ్లు పేగు క్యాన్సర్ కణాల మీద ఈ రకం మందుల్ని ఒంటరిగానూ కీమో మందులతో కలిపీ పరీక్షించారు. 2012లో ఫ్రాన్స్‌వాళ్లు ఇంకో సంగతి చెప్పారు: ఈ మందుతో చచ్చే క్యాన్సర్ కణం ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపి పోతుందని, కీమోతో పాటు గుండె కోసం డిగాక్సిన్ వాడినవాళ్లు, పెద్దపేగు క్యాన్సర్ రోగులతో సహా, ఎక్కువ కాలం బతికినట్టు కనిపించిందని. వీడియోల్లో తిరిగేది ఎక్కువగా ఇలాంటిదే.

వీడియోలో చెప్పనిది ఏంటంటే ఎలుకల సంగతి. ఎలుక ఒంట్లో ఆ పంపు మనదానిలా ఉండదు, డిగాక్సిన్‌కి అంత తేలిగ్గా లొంగదు. మనిషి క్యాన్సర్ గడ్డని ఎలుకలో పెట్టి ఈ మందు ఇస్తే మనిషి కణాలు చస్తాయి, ఎలుక హాయిగా ఉంటుంది. చూసేవాళ్లకి అబ్బ, క్యాన్సర్‌నే ఎంచుకుని చంపింది అనిపిస్తుంది, నిజానికి అది ఎంచుకున్నది మనిషి కణాన్ని. మన ఒంట్లో అన్నీ మనిషి కణాలే కదా! మోతాదు ఇంకో గొడవ. గుండె జబ్బుకి రక్తంలో డిగాక్సిన్ మిల్లీలీటరుకి 0.5 నుంచి 0.9 నానోగ్రాములు ఉంటే చాలంటారు, 2 దాటితే విషం కింద లెక్క. ల్యాబ్‌లో పేగు క్యాన్సర్ కణాల్ని చంపడానికి సాధారణంగా వాడేది అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మూడోది ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్. ఇదీ మొక్క వంశమే, విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ దగ్గర మొదలైంది, కాకపోతే ఇప్పుడొచ్చేది పూర్తిగా ఫ్యాక్టరీ సరుకు. రూపాయల్లో దొరికే మాత్ర కాబట్టి దీన్నెవరూ లెక్కచేయరు, వీడియోలూ తక్కువే. కానీ మనుషుల మీద రుజువు ఉన్నది దీనికే. 2025లో వచ్చిన అలాస్కా అనే ట్రయల్‌లో స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లండ్ దేశాల పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగులకు ఆపరేషన్ తర్వాత రోజుకి 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 3 ఏళ్లు ఇచ్చారు. గడ్డలో పీఐకే3సీఏ అనే జన్యువు ప్రధాన భాగాల్లో మార్పు ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 14.1 శాతం ఉంటే, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 7.7 శాతమే. దానికి దగ్గరి జన్యువుల్లో మార్పులున్న ఇంకో గుంపులోనూ తగ్గింది. పరీక్షించిన గడ్డల్లో ఇలాంటి మార్పులు మూడో వంతుకి పైగానే కనిపించాయి. వంశంలో లించ్ సిండ్రోమ్ (పేగు క్యాన్సర్ ముప్పు పెంచే, పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్నవాళ్లలో కూడా ఆస్పిరిన్ పెద్దపేగు క్యాన్సర్‌ని బాగా తగ్గించినట్టు బ్రిటన్ నుంచి నడిచిన ట్రయల్‌లో తేలింది.

అలాగని అందరికీ పనిచేయదు. సింగపూర్‌వాళ్లు నడిపిన ఆస్కాల్ట్ ట్రయల్‌లో జన్యు పరీక్షతో పని లేకుండా ఇచ్చారు, స్పష్టమైన లాభం కనిపించలేదు. పైగా ఆస్పిరిన్‌తో కడుపులో పుండు, రక్తస్రావం వచ్చే అవకాశం ఉంది, కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మరీ టెన్షన్. సొంతంగా మొదలుపెట్టే మాత్ర కాదు.

నా లెక్కలో మొదటి స్థానం ఆస్పిరిన్‌దే, అదీ జన్యు పరీక్ష చేయించుకుని, డాక్టరు ఒప్పుకుంటేనే. డిగాక్సిన్ గుండెకి రాశారంటే గుండెకి వాడండి, క్యాన్సర్ కోసం ఎవరూ మొదలుపెట్టొద్దు. మొక్క మందే కావాలని పట్టుబట్టేవాళ్లకి ఒక మాట, పెద్దపేగు క్యాన్సర్ కీమోలో వాడే ఇరినోటెకాన్ చైనా చెట్టు క్యాంప్టోథెకాలో దొరికిన పదార్థం నుంచే వచ్చింది, అదే పదార్థం మన పడమటి కనుమల్లో ఇంకో చెట్టులోనూ ఉంది.

ఇంతకుముందు నుంచే డిగాక్సిన్ వేసుకుంటూ ఇప్పుడు కీమోలోకి వెళ్తున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. కీమోతో విరేచనాలు, వాంతులైతే పొటాషియం పడిపోతుంది, పొటాషియం తగ్గితే అదే మాత్ర విషంలా పనిచేస్తుంది. మే నెల ఎండల్లో ఒళ్లు ఎండిపోయి కిడ్నీ పని తగ్గితే మందు బయటికి పోక రక్తంలోనే పేరుకుంటుంది. అప్పుడొచ్చే వాంతులు, ఆకలి లేకపోవడం చూసి అందరూ కీమో వల్లే అనుకుని ఊరుకుంటారు. చూపు పసుపుగా కనిపించినా, నాడి నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి డిగాక్సిన్ లెవెల్, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. మాత్రని మీరే ఆపేయొద్దు, ఆ నిర్ణయం డాక్టరుది. ఆపరేషన్ అయినవాళ్లు పీఐకే3సీఏ పరీక్ష గురించి కూడా అప్పుడే అడగండి, కోసి తీసిన గడ్డని ల్యాబ్‌లో మైనం బ్లాక్ చేసి దాస్తారు కాబట్టి మళ్లీ ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు.