గార్మిన్ ఎకోమ్యాప్ చార్ట్‌ప్లాటర్: పటం చదవడంలో మెలకువలు

చార్ట్‌ప్లాటర్ అంటే సముద్ర పటాన్నీ, దాని మీద మన బోటు ఉన్న చోటునూ తెర మీద చూపే సెట్టు. గార్మిన్ ఎకోమ్యాప్ యూహెచ్‌డీ 7 అంగుళాల టచ్ సెట్టు కొన్న సరంగు ముందుగా అలవాటు చేసుకోవాల్సింది పటం స్కేలు చూడటం. దారి పెట్టడం ఆ తర్వాతి పని. తెర మీది ప్లస్, మైనస్ నొక్కితే పటం దగ్గరకూ దూరానికీ జరుగుతుంది. అంతవరకూ సులువే. కానీ దూరానికి జరిపినకొద్దీ లోతు అంకెలు, రాళ్లు, దిబ్బలు ఒక్కొక్కటే తెర మీంచి తప్పుకుంటాయి. 2014 నవంబరు 29 రాత్రి ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల పోటీ వోల్వో ఓషన్ రేసులో టీమ్ వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. ఎలక్ట్రానిక్ పటాన్ని చాలినంత దగ్గరకు జరిపి చూడకపోవడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. అంత అనుభవజ్ఞులకే తప్పింది కాబట్టి, దారి పెట్టాక ఆ గీత మొదలు నుంచి చివరిదాకా దగ్గరి స్కేలులో వేలితో జరుపుకుంటూ చూడాల్సిందే.

అలా జరిపినప్పుడు ఇంకో పొరపాటు పొంచి ఉంటుంది. పటం జరిపిన చోటే ఆగిపోతుంది, మీ బోటు తెర బయటకు పోతుంది. అక్కడి లోతును మన కింద లోతు అనుకునే ప్రమాదం ఉంది. ‘స్టాప్ ప్యానింగ్’ నొక్కితే పటం మళ్లీ బోటు దగ్గరకు వస్తుంది.

దారి పెట్టడానికి పటం మీద చోటును తాకి ‘నావిగేట్ టు’లోకి వెళ్లాలి. ‘గో టు’ ఒక తిన్నని గీత గీస్తుంది, అడ్డం ఏముందో పట్టించుకోదు. కాకినాడ రేవు నుంచి హోప్ ఐలాండ్‌కు తూర్పున ఉన్న గుర్తుకు ‘గో టు’ పెడితే గీత ఆ లంక మీదుగానే పోతుంది. అక్కడ ‘రూట్ టు’ వాడి, మలుపులు ఒక్కొక్కటిగా తాకి మనమే పెట్టుకోవాలి.

ఎక్కువమందిని ముంచేది అక్షాంశ రేఖాంశాల పద్ధతి. పక్క బోటువాళ్లు 17 డిగ్రీల 41 నిమిషాల 50 సెకన్లు అని చెబితే, నిమిషాలను దశాంశాల్లో చూపే సెట్టులో 41.50 అని కొట్టేస్తారు. నిజానికి అది 41.833. తేడా 0.333 నిమిషం, అంటే అక్షాంశంలో 617 మీటర్లు. వల ఉన్న చోటు దొరకడం లేదంటే ముందు ఇదే చూడండి. లోతు కూడా అంతే: బారల్లో మాట్లాడుకునేవాళ్లు సెట్టును ఫాదమ్‌లకు మార్చుకుంటే మంచిది. ఒక ఫాదమ్ అంటే దాదాపు ఒక బార, 1.83 మీటర్లు.

బోటు ఆగినప్పుడు తెర మీది బోటు బొమ్మ గిరగిరా తిరిగితే సెట్టు పాడైందని కంగారు పడొద్దు. బోటు ముక్కు ఎటు ఉందో చెప్పే హెడింగ్ సెన్సర్ విడిగా లేకపోతే అది దిక్కును కదలికను బట్టే లెక్కిస్తుంది. నేర్చుకునేటప్పుడు ఉత్తరం ఎప్పుడూ పైకే ఉండే ‘నార్త్ అప్’ వదలకండి, కాగితపు పటంతో సరిపోల్చుకోవడం తేలిక.

తెర ఎండలో బాగానే కనిపిస్తుంది. ఉప్పునీళ్లు పడితే మాత్రం టచ్ తనంతట తానే పని చేసినట్టు ఉంటుంది. పవర్ బటన్ నొక్కి టచ్ లాక్ చేసుకోవాలి. ఇది 12 వోల్టుల సెట్టు, 24 వోల్టులకు నేరుగా కలపకూడదు. ఇంజను స్టార్టు చేయగానే తెర ఆరిపోతే ముందు బ్యాటరీనీ, సన్న వైరునూ అనుమానించండి.

కొనేటప్పుడు పటం కార్డుకు కూడా డబ్బు లెక్కేసుకోండి. ప్రాథమిక ప్రపంచ పటంలో తీరం మోటుగా ఉంటుంది, దాంతో రేవులోకి రావడం తగదు. మంచి కార్డున్నా గోదావరి మొగల దగ్గర తెరను నమ్మి లోపలికి రావద్దు. వరద వచ్చినప్పుడల్లా ఇసుక మేటలు జరుగుతాయి, పటంలో ఉన్నది సర్వే చేసిన నాటి లోతు. అక్కడ సోనార్ (శబ్దంతో లోతు కొలిచే సాధనం) అప్పటికప్పుడు చూపే లోతూ, పోటు వేళా చూసుకుని నెమ్మదిగా రావాలి.