చర్చిల్ రాకెట్ రేంజ్: వ్యాన్ దిగి చూడాల్సిన చోటు

కెనడాలో హడ్సన్ బే ఒడ్డున ఉన్న చర్చిల్‌కి జనం వెళ్లేది ధ్రువపు ఎలుగుబంట్ల కోసం, లేదంటే అరోరా (రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులు) కోసం. ఊరికి తూర్పున 20 కిలోమీటర్లు పోతే పాత రాకెట్ రేంజ్, అంటే రాకెట్లని ఎగరేసిన కేంద్రం, వస్తుంది. చాలా టూర్లు దాన్ని కిటికీలోంచి చూపించి వెళ్లిపోతాయి. మేం బుక్ చేసుకున్న వాళ్లూ అదే చేయబోయారు, పట్టుబట్టి అడిగితే దిగనిచ్చారు కానీ కాసేపటికే తొందరపెట్టడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకున్నాక అలా చేయడం నాకు అస్సలు నచ్చలేదు.

ఎందుకంటే ఇది అలా వదిలేసే చోటు కాదు. చాలా దేశాలు కలిసి భూమిని పరిశోధించిన 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం నుంచి 1985లో మూతపడేదాకా ఇక్కడి నుంచి 3,500కి పైగా రాకెట్లు ఎగిరాయి. కెనడా సొంత రాకెట్ బ్లాక్ బ్రాంట్‌ని 1959లో మొదట ఎగరేసిందీ ఇక్కడే. ఏదీ కక్ష్యలోకి వెళ్లేది కాదు, అన్నీ సౌండింగ్ రాకెట్లే: నేరుగా పైకి పోయి, కొన్ని నిమిషాలు కొలతలు తీసి, కింద పడిపోతాయి. అరోరా తరచుగా కనిపించే పట్టీ సరిగ్గా ఈ ఊరి నెత్తిమీదే ఉంది కాబట్టి, రాకెట్‌ని ఆ వెలుగులోకే పంపి లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. కేరళలోని మన రాకెట్ కేంద్రం తుంబాని అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే రేఖ) కోసం ఎంచుకున్నట్టే దీన్ని అరోరా కోసం ఎంచుకున్నారు, ఆ సంగతి గుర్తొచ్చి నాకు భలే సంతోషం వేసింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం లాంచర్ల (రాకెట్‌ని నిలబెట్టి ఎగరేసే చట్రాలు) మీద కట్టిన షెడ్లు. లాంచ్ ప్యాడ్ అంటే ఆరుబయట ఉంటుందనుకుంటాం కదా, ఇక్కడి చలికి అది కుదరదు, అందుకే లాంచర్ చుట్టూ ఏకంగా భవనమే కట్టి, లోపల వేడి పెట్టి, మనుషులు అందులోనే రాకెట్‌ని సిద్ధం చేసేవారు. దగ్గరికి వెళ్లి చూస్తే రేకుల అంచులు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచిపోతున్నాయి, మేకుల చుట్టూ ఎర్రటి చారలు కారి ఉన్నాయి, గాలి వీచినప్పుడల్లా ఎక్కడో ఒక రేకు కొట్టుకుంటోంది. 1988లోనే జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు, కానీ ఇంత చరిత్రకి వివరం చెప్పే ఏర్పాటు చాలా తక్కువ, అదొక్కటే బాధ.

వెళ్లేవాళ్లు బుక్ చేసేముందే "రాకెట్ రేంజ్ దగ్గర ఎంతసేపు ఆపుతారు?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఒంటరిగా నడిచి తిరగాలనుకోవద్దు, ఎలుగుబంట్లు నిజంగానే వస్తాయి, తుపాకీ ఉన్న గైడ్ తప్పనిసరి. చర్చిల్‌కి రోడ్డు లేదు, విన్నిపెగ్ నుంచి విమానమో, రెండు రోజుల రైలో ఎక్కాలి. అక్టోబరు, నవంబరు ఎలుగుబంట్ల సీజన్ కాబట్టి గదులు దొరకడం కష్టం, రేంజ్ కోసమే అయితే వేసవిలో వెళ్లండి, దోమల మందు మాత్రం మర్చిపోవద్దు.