కఠమా, మాండూక్యమా: ముందుగా చదవవలసినది ఏది?

ఉపనిషత్తులను కొత్తగా చదవబోయేవారు కఠోపనిషత్తుతో ప్రారంభించడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. కృష్ణయజుర్వేదానికి చెందిన ఈ గ్రంథంలో, మరణించినవాడు ఉన్నాడా లేడా అన్న సంశయాన్ని తీర్చమని నచికేతుడనే బాలుడు మూడో వరంగా కోరినప్పుడు, యముడు నూరేళ్లు జీవించే పుత్రపౌత్రులను, ఏనుగులను, గుర్రాలను, బంగారాన్ని ఇస్తానని ఆశ చూపినా, ధనంతో మనిషికి తృప్తి కలగదని ఆ బాలుడు తేల్చిచెబుతాడు. ఎంతటి ధైర్యం! శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం అన్న ప్రసిద్ధ రూపకమూ ఇందులోనిదే.

అథర్వవేదానికి చెందిన మాండూక్యంలో కథ లేదు. ఉన్నవి 12 మంత్రాలే. మెలకువ, కల, గాఢనిద్ర అనే జాగ్రత్‌స్వప్నసుషుప్తులను ఓంకారంలోని అకార, ఉకార, మకారాలతో జోడించి, ఆ మూడింటికీ ఆవలి నాలుగోదైన తురీయాన్ని 7వ మంత్రంలో అంతఃప్రజ్ఞ (లోపలి ఎరుక) కాదు, బహిఃప్రజ్ఞ (బయటి ఎరుక) కాదు అంటూ వరుస నిషేధాలతో సూచించే ఈ ఉపనిషత్తును, ఎంత చిన్నదైనా, దీనిపై గౌడపాదులు రాసిన వివరణ శ్లోకాలైన కారికల తోడు లేకుండా అందుకోవడం కష్టం.