గోల్డ్‌వాటర్ 1964, రీగన్ 1980: కన్జర్వేటివ్‌కు ఏ ప్రచారం మేలు?

అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలు, దగ్గరపడే ప్రతిసారీ మాలాంటి కన్జర్వేటివ్ (సంప్రదాయవాద) ఆలోచన కలిగినవారి మధ్య ఒకే వాదన మళ్లీ లేస్తుంది. ఓడినా సరే, నమ్మినదాన్ని నమ్మినట్టు చెప్పే అభ్యర్థి వెంట నడవాలా, లేక మాట కొంత మెత్తబరచి అయినా గెలిచి వచ్చే అభ్యర్థి వెంట నడవాలా? దీన్ని ఊహల మీద తేల్చనక్కరలేదు. రిపబ్లికన్ పార్టీ తరఫున 1964లో బారీ గోల్డ్‌వాటర్, 1980లో రొనాల్డ్ రీగన్ నడిపిన రెండు ప్రచారాలు మన ముందున్నాయి. ఇద్దరి సిద్ధాంతం దాదాపు ఒక్కటే: కేంద్ర ప్రభుత్వం తన హద్దుల్లో ఉండాలి, పన్నులు తగ్గాలి, సోవియట్ యూనియన్ ముందు తల వంచకూడదు. ఫలితాలు మాత్రం పూర్తిగా తలకిందులయ్యాయి. మొదటిసారి డెమొక్రాట్ అధ్యక్షుడు జాన్సన్‌కు 486, గోల్డ్‌వాటర్‌కు 52 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లు) వస్తే, పదహారేళ్ల తరువాత రీగన్‌కు 489, అప్పటి డెమొక్రాట్ అధ్యక్షుడు కార్టర్‌కు 49 వచ్చాయి.

నేను ఏ వైపు నుంచి మాట్లాడుతున్నానో ముందే చెప్పడం మంచిది. ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి డాలరూ ఎవరో ఒకరి కష్టార్జితమేనని, కుటుంబమూ ఇరుగుపొరుగూ చేసుకోగల పనిని రాజధానికి అప్పగించకూడదని, పాత ఏర్పాటును కూలదోసే ముందు దాన్ని పెద్దలు ఎందుకు నిలబెట్టారో తెలుసుకోవాలని నమ్మేవాణ్ని. ఆ నమ్మకంతోనే ఈ రెంటినీ తూస్తున్నాను.

గోల్డ్‌వాటర్ అరిజోనా సెనేటర్, వ్యాపార కుటుంబం నుంచి వచ్చినవారు. ఆయన ప్రచారంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది, తన సిద్ధాంతానికి అయ్యే ఖర్చును ఓటరు ముందు దాచకపోవడం. 1964 జనవరిలో, తొలి ప్రైమరీ జరిగే న్యూ హాంప్‌షైర్‌లోనే, ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీని ఇష్టమున్నవారు చేరే పథకంగా మార్చవచ్చునన్నారు. టెన్నెస్సీ లోయలో ప్రభుత్వం నడిపే విద్యుత్ సంస్థను ప్రైవేటుకు అమ్మాలన్నారు. బొగ్గుగనుల పేదరికం నిండిన వెస్ట్ వర్జీనియాకు వెళ్లి, జాన్సన్ ప్రకటించిన పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని అక్కడే విమర్శించారు. ఎవరికి ఏది వినడం ఇష్టం ఉండదో ఆ మాటను వాళ్ల ఊరికే వెళ్లి చెప్పిన అభ్యర్థి ఆ తరువాత మన పార్టీలో నాకు మరొకరు కనిపించలేదు.

అయితే ఆ ధైర్యంలోనే పెద్ద లోపం ఉంది. నెలనెలా వచ్చే చెక్కు మీద బతికే వృద్ధుడికి ఆ చెక్కు ఆగిపోదన్న భరోసా ముందు ఇచ్చి, ఆ తరువాత వ్యవస్థ ఎందుకు మారాలో వివరించవలసింది. గోల్డ్‌వాటర్ వరుస తిరగేశారు. శస్త్రచికిత్స గురించి ముందు చెప్పి, రోగమేమిటో చెప్పడం మరచిన వైద్యుడిని ఎవరు నమ్ముతారు? ఆ మార్చిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీని గెలిచింది హెన్రీ కాబట్ లాడ్జ్. ఆయన అప్పుడు దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో రాయబారి. ఆ రాష్ట్రంలో అడుగు పెట్టలేదు, బ్యాలట్ మీద ఆయన పేరు కూడా లేదు. ఓటర్లే పేరు రాసి మరీ గెలిపించారు.

జూలై 16న శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో, పార్టీ మహాసభలో నామినేషన్ స్వీకరిస్తూ ఆయన చేసిన ప్రసంగంలోని రెండు వాక్యాలు చరిత్రలో నిలిచిపోయాయి: స్వేచ్ఛను కాపాడుకోవడంలో తీవ్రత దోషం కాదని, న్యాయాన్ని సాధించడంలో మితత్వం సుగుణం కాదని. ఆ వాక్యాల్లో తత్త్వపరంగా తప్పు పట్టవలసినది పెద్దగా లేదు. కానీ అంతకు రెండు రోజుల ముందే అదే సభలో పార్టీలోని మధ్యేవాద వర్గం నాయకుడు, న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ను ప్రతినిధులు మాట్లాడనీయకుండా కేకలు వేసి అవమానించారు. ఓడినవారిని అక్కున చేర్చుకోవలసిన సభలో ఈ మాటలు పెళ్లిపందిట్లో పాత తగాదా తవ్వినట్టయ్యాయి. ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న విలియం మిల్లర్ కూడా తన ఆలోచనకు దగ్గరివారే గాని, పార్టీలోని రెండో వర్గాన్ని కలుపుకువచ్చేవారు కారు.

తరువాత జరిగింది అందరికీ తెలిసినదే అయినా ఒకసారి దగ్గర నుంచి చూడాలి. సెప్టెంబర్ 7 రాత్రి జాన్సన్ వర్గం ఒక నిమిషం ప్రకటన ప్రసారం చేసింది. ఒక చిన్నపాప పువ్వు రేకులు ఒక్కొక్కటే తుంచుతూ తడబడుతూ లెక్కపెడుతుంది. ఆమె లెక్క ముగిసేసరికి ఒక మగగొంతు పది నుంచి వెనక్కి లెక్కించడం మొదలుపెడుతుంది. కెమెరా పాప కంటిపాపలోకి వెళ్తుంది, తెరంతా అణుబాంబు మేఘం కమ్ముకుంటుంది. గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా రాదు. డబ్బు కట్టి ఆ ప్రకటనను ప్రసారం చేసింది ఒక్కసారే. అది అన్యాయమైన ప్రకటన అని నేను ఇప్పటికీ అంటాను. అయినా పేరు చెప్పకుండానే అది ఎవరి గురించో దేశమంతటికీ అర్థమైందంటే, సోవియట్ పాలనా కేంద్రం క్రెమ్లిన్ మరుగుదొడ్లో బాంబు వేయడం గురించి పరిహాసమాడింది, అణ్వాయుధాల వాడకంపై సైనిక కమాండర్లకు అధికారం ఇవ్వవచ్చునన్నది గోల్డ్‌వాటరే కదా. ప్రత్యర్థికి కావలసిన కట్టెలు మనమే కొట్టి పెట్టాం.

ఇక జాతివివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం సంగతి. ఆ సంవత్సరం జూన్ 19న సెనేట్ ఆ బిల్లును 73-27 ఓట్లతో ఆమోదించింది. రిపబ్లికన్లలో 27 మంది అనుకూలంగా ఓటు వేయగా, వ్యతిరేకించిన ఆరుగురిలో గోల్డ్‌వాటర్ ఒకరు. ఆయన వ్యక్తిగతంగా జాతివివక్షను సమర్థించినవారు కారు; 1957 పౌరహక్కుల చట్టానికి ఓటు వేశారు, 1960 చట్టాన్ని సమర్థించారు. ప్రైవేటు హోటళ్లకు, ఉద్యోగాలకు సంబంధించిన నిబంధనలు రాజ్యాంగం కేంద్రానికి ఇచ్చిన అధికారాన్ని దాటుతున్నాయన్నది ఆయన అభ్యంతరం. ఆ వాదనను నేను ఎన్నిసార్లు చదివినా సమాధానపడలేకపోయాను. స్వేచ్ఛ గురించి మాట్లాడే సిద్ధాంతం, రంగు చూసి గుమ్మంలోనే ఆపేస్తున్న మనిషికి ఏమీ చెప్పలేకపోతే అది దారి తప్పినట్టే. నవంబర్‌లో ఆయన గెలిచిన ఆరు రాష్ట్రాల్లో సొంత రాష్ట్రం అరిజోనా పోగా మిగిలిన అయిదూ అలబామా, మిసిసిపీ, జార్జియా, లూసియానా, సౌత్ కెరొలైనా కావడం ఆ ఓటు ఫలమే. నల్లజాతి ఓటర్లతో రిపబ్లికన్ పార్టీకి లింకన్ కాలం నుంచి మిగిలి ఉన్న బంధం ఆ ఏడాదితో తెగినంత పనైంది.

ఓటమి ఖరీదు అధ్యక్ష పదవితో ఆగలేదు. ప్రతినిధుల సభలో డెమొక్రాట్ల బలం 295కు, సెనేట్‌లో 68కి పెరిగింది. గోల్డ్‌వాటర్ ఆపాలనుకున్నవన్నీ ఆ ఓటమి వల్లే వేగంగా చట్టాలయ్యాయి. 1965 జూలైలో వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వచ్చింది. నమ్మినదాన్ని నమ్మినట్టు చెప్పి ఓడితే కనీసం సిద్ధాంతం మలినపడకుండా మిగులుతుందని అనేవారికి నేను చూపించేది ఇదే.

ఇక్కడ తెలుగువాడిగా ఒక మాట చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. పుట్టిన దేశాన్ని బట్టి పరిమితి పెట్టే జాతీయ కోటాలను రద్దు చేసిన వలస చట్టంపై 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర జాన్సన్ సంతకం చేశారు. ఆ చట్టాన్ని చేసింది గోల్డ్‌వాటర్ ఓడిన ఎన్నికలో గెలిచిన కాంగ్రెస్సే (అమెరికా చట్టసభ). రిపబ్లికన్లలోనూ చాలామంది దానికి ఓటు వేశారన్నది నిజమే అయినా, ఆంధ్ర ప్రాంతం నుంచి, తెలంగాణ నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశం రావడానికి దారి తెరిచింది ఆ చట్టమే. నా ఇష్టుడైన అభ్యర్థి ఓడిన ఎన్నిక మా కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చింది. అందుకే ఆ ఓటమి గురించి పూర్తి చేదుతో మాట్లాడడం నాకు సాధ్యం కాదు.

ఆ ప్రచారం మిగిల్చిన మంచి రెండు రూపాల్లో ఉంది. 50 డాలర్లు, అంతకు మించి ఇచ్చిన దాతల పేర్లు ప్రతినిధుల సభ క్లర్క్ కార్యాలయంలో అందుబాటులో ఉంటే, రిచర్డ్ విగ్యురీ అనే యువకుడు అక్కడ కూర్చుని చేత్తో ఆ పేర్లను ఎక్కించుకుని, ఉత్తరాల ద్వారా నిధులు సేకరించే పద్ధతికి పునాది వేశాడు. రెండోది, అక్టోబర్ 27న గోల్డ్‌వాటర్ తరఫున టీవీలో ప్రసంగించిన సినిమా నటుడు రీగన్. రెండేళ్లకే ఆయన కాలిఫోర్నియా గవర్నర్ అయ్యారు.

1976లో సొంత పార్టీ అధ్యక్షుడు ఫోర్డ్ మీద నామినేషన్‌కు పోటీ చేసి, కాన్సాస్ సిటీ మహాసభలో 1,187-1,070 ప్రతినిధుల ఓట్లతో ఓడిన రీగన్, 1980 నాటికి ఒక పాఠం నేర్చుకున్నారు. డెట్రాయిట్ సభలో ఆయన ఉపాధ్యక్ష స్థానానికి ఎంచుకున్నది ప్రైమరీల్లో తనతో పోటీపడిన జార్జ్ బుష్‌ను. తన ఆర్థిక ప్రణాళికను మంత్రతంత్రాల ఆర్థికశాస్త్రమని ఏప్రిల్‌లోనే ఎద్దేవా చేసిన మనిషిని జూలైలో పక్కన నిలబెట్టుకోవడానికి పెద్ద మనసు కావాలి, లెక్క కూడా తెలియాలి. నామినేషన్ ప్రసంగంలో డెమొక్రాట్ అయిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మాటలనే ఉటంకించారు. కుటుంబం, పని, ఇరుగుపొరుగు, శాంతి, స్వేచ్ఛ అన్న అయిదు మాటల చుట్టూ పార్టీని కూడగట్టారు. ఫ్యాక్టరీలో పనిచేసే డెమొక్రాట్ ఓటరు తన ఇంటి మాట తాను విన్నట్టు వినగలిగిన ప్రసంగం అది.

అక్టోబర్ 28న క్లీవ్‌లాండ్ చర్చ జరిగింది. పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు. మా పెదనాన్నగారు అప్పటికి ఒహాయోలో ఇంజనీరు. గ్రీన్‌కార్డే గాని పౌరసత్వం లేదు కనుక ఓటు లేదు. చర్చ చూసిన మర్నాడు ఆయన నాన్నగారికి రాసిన నీలిరంగు ఏరోగ్రామ్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో రీగన్ గురించి ఉన్నది రెండే పంక్తులు: నాలుగేళ్ల కిందటి కన్నా మీ పరిస్థితి ఇప్పుడు బాగుందా, దుకాణంలో సరుకులు కొనడం సులువైందా అని ఆయన జనాన్ని అడిగాడని. మిగిలిన ఉత్తరమంతా ఇంటి అప్పు వడ్డీ పదమూడు శాతం దాటిందని, అనుకున్న ఇల్లు వదులుకున్నానని, పెట్రోలుకు, పాలకు ఎంతవుతోందో వరుసగా రాసిన లెక్క. రీగన్ ప్రశ్నకు జవాబు రాస్తున్నానని పెదనాన్నగారికి తట్టిందో లేదో నాకు తెలియదు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం 13.5 శాతం, ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు బందీలుగా ఉన్నారు. సిద్ధాంతాన్ని ఓటరు ఇంటిఖర్చుల పుస్తకంలోంచే చదివించడం గోల్డ్‌వాటర్‌కు చేతకాని పని.

అయితే అదే చర్చలో మరో ఘట్టం ఉంది, దాన్ని మావాళ్లు సంబరంగా మాత్రమే గుర్తుచేసుకుంటారు. మెడికేర్‌ను వ్యతిరేకిస్తూనే రీగన్ రాజకీయాల్లోకి వచ్చారని కార్టర్ అనగానే, రీగన్ నవ్వుతూ “మళ్లీ మొదలుపెట్టారా” అన్న ధోరణిలో తోసిపుచ్చారు. తాను అప్పట్లో మరో బిల్లును సమర్థించానన్నారు. సభ నవ్వింది, కార్టర్ మాట తేలిపోయింది. కానీ కార్టర్ లేవనెత్తిన అంశం వట్టిది కాదు. 1961లో ఆ ఆలోచనకు వ్యతిరేకంగా రీగన్ గ్రామఫోన్ రికార్డే ఇచ్చారు. న్యూ హాంప్‌షైర్‌లో గోల్డ్‌వాటర్ చెప్పిన కఠినమైన జవాబు, క్లీవ్‌లాండ్‌లో రీగన్ తప్పించుకున్న జవాబు పక్కపక్కన పెట్టి చూస్తే, పదహారేళ్లలో మేము ఏమి సంపాదించామో, ఏమి పోగొట్టుకున్నామో రెండూ కనిపిస్తాయి. ఆగస్టు 3న మిసిసిపీలోని నెషోబా జాతరలో, 1964లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపిన ప్రాంతానికి దగ్గర్లోనే, జాతివివక్షను సమర్థించినవారు ఒకప్పుడు అడ్డం పెట్టుకున్న రాష్ట్రాల హక్కుల గురించి రీగన్ మాట్లాడడం కూడా పొరపాటే. పాత గాయాన్ని అక్కడ కెలకవలసిన అవసరం లేదు.

రీగన్ గెలుపు చిన్నదేమీ కాదు. 44 రాష్ట్రాలు వచ్చాయి. సెనేట్‌లో 12 స్థానాలు పెరిగి 1954 తరువాత తొలిసారి రిపబ్లికన్లకు ఆధిక్యం దక్కింది. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 70 శాతం నుంచి ముందు 50కి, ఆయన రెండో పర్యాయంలో చేసిన చట్టంతో 28కి దిగింది. కానీ రద్దు చేస్తామన్న విద్యాశాఖ ఆయన హయాంలో రద్దు కాలేదు. 1980లో లక్ష కోట్ల డాలర్లలోపు ఉన్న కేంద్ర ప్రభుత్వ అప్పు 1988 నాటికి రెండున్నర లక్షల కోట్లు దాటింది. డెమొక్రాట్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభను, రక్షణ వ్యయాన్ని కారణాలుగా చెప్పవచ్చు, అవి నిజమైన కారణాలే. వాటికి తోడు, ఏ ఖర్చు తగ్గుతుందో ప్రచారంలో చెప్పనందువల్ల, తగ్గించమని ప్రజలు ఇచ్చిన తీర్పు ఆయన చేతిలో లేదు.

ఇంత తూచిన తరువాత కూడా నా మొగ్గు రీగన్ ప్రచారం వైపే. కన్జర్వేటివ్ అన్నవాడు పొరుగువాణ్ని శత్రువుగా చూడకూడదు, రీగన్ చూడలేదు. ఓడినవారిని కలుపుకున్నారు, వాదనను రాజ్యాంగ సూత్రాలనుంచి దుకాణం బిల్లుదాకా దింపారు, అధికారంలోకి వచ్చాక కొంతైనా చేసి చూపారు. కాని ప్రైమరీలో నా ఓటు అడిగే అభ్యర్థి రీగన్‌లా మాట్లాడితే చాలదు, ఏ ఖర్చు తగ్గిస్తారో గోల్డ్‌వాటర్‌లా చెప్పమని కూడా అడుగుతాను. సోషల్ సెక్యూరిటీ నిధి 2030ల మధ్యకల్లా నిండుకుంటుందని ట్రస్టీల నివేదికలే చెబుతున్నా, దాని జోలికి వెళ్లబోమని రెండు పార్టీల అభ్యర్థులూ పోటీపడి మాట ఇస్తున్నారు.

ఆ నిధి ఒకసారి అడుగంటేదాకా వచ్చింది కూడా. 1983లో కొద్ది నెలల్లో చెక్కులు ఆగిపోతాయన్న స్థితిలో, రీగన్, డెమొక్రాట్ స్పీకర్ టిప్ ఓనీల్ ఒక అంగీకారానికి వచ్చారు. పన్ను పెంపును అనుకున్నదానికన్నా ముందే అమల్లోకి తెచ్చారు, పదవీ విరమణ వయసును మెల్లమెల్లగా 67కు పెంచే ఏర్పాటు చేశారు. గోల్డ్‌వాటర్ కోరిన మార్పు అది కాదు, రీగన్ ప్రచారంలో చెప్పిన మార్పూ కాదు. 1980లో ఇల్లు వదులుకున్న మా పెదనాన్నగారు ఆ తరువాత అదే ఒహాయోలో ఇల్లు కొన్నారు, పౌరసత్వం తీసుకున్నారు. పదవీ విరమణ చేశాక చివరిదాకా ఆయనకు నెలనెలా చెక్కు అందింది.